చుట్టం కూర్చునే సీటు

జాక్సన్‌విల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో పద్మనాభానికి ఒక పేరుంది. ఎవరింటికి చుట్టాలొచ్చినా, వాళ్ళకు సెయింట్ అగస్టీన్ చూపించాలంటే ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. అట్లాంటిక్ ఒడ్డున ఎన్నడో స్పెయిన్‌వాళ్ళు కట్టుకున్న చిన్న ఊరది. గవ్వలు పేరుకుని గట్టిపడిన రాతితో లేపిన కోట, కార్లు తిరగని సన్నని వీధి, ఊరి నడుమ కెథీడ్రల్ అనే ఒక పాత పెద్ద చర్చి. పొద్దున బయలుదేరితే చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు.

ఆయన ఉద్యోగం ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆ అలవాటుతోనే ఈ ప్రయాణంలోని తప్పులన్నీ ఏళ్ళ తరబడి ఏరేశాడు. ఎనిమిదింటికల్లా కారు కదలాలి. ఎండ ముదరకముందే కోట చూడాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ట్రాలీ బండి, లేనివాళ్ళకు నడక. మధ్యాహ్నం నీటి ఒడ్డున ఓక్ చెట్ల నీడలో పులిహోర, పెరుగన్నం. తాగితే యౌవనం తిరిగొస్తుందని పేరున్న ఊట కూడా మొదట్లో ప్లాన్‌లో ఉండేది. టికెట్టు కొని ఆ నీళ్ళు తాగిన బావమరిది, “ఏం బావా, ఒక్క వెంట్రుకైనా నల్లబడలేదే!” అని ఏడాది పొడుగునా వెక్కిరించాక దాన్ని తీసేశాడు.

కెథీడ్రల్ దగ్గర ఆయన పని వేరు. మన పెద్దవాళ్ళు ఏ దేవుడి గుమ్మంలోనూ చెప్పులతో అడుగు పెట్టరు. ఇక్కడ ఎవరూ విప్పరని చెప్పినా వినరు; మెట్ల పక్కన వరసగా విడిచి లోపలికి వెళతారు. ఒకసారి ఎవరో అవి మరచిపోయిన చెప్పులనుకుని తీసి లోపలెక్కడో భద్రపరిచారు. ఆయన భార్య శ్రీవిద్య పెదనాన్న ఆ ఎండలో కాలిన రాళ్ళమీద గంతులు వేయాల్సి వచ్చింది. అప్పటినుంచి చెప్పులకు కాపలా పద్మనాభమే. అందరూ లోపల చూసి వచ్చేదాకా నీళ్ళ సీసాలు పట్టుకుని బయట నిలబడతాడు.

కారులో కూర్చోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. ముందు సీటు చుట్టానిది. చుట్టం ఎక్కగానే శ్రీవిద్య మారుమాట లేకుండా వెనక్కి మారేది. వెనక సీట్లు కూడా నిండితే మిగిలిపోయేది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కావ్యశ్రీ. ఎక్కువసార్లు నిండేవి. పక్కవీధిలో ఉషా ఆంటీ ఇంట్లో ఆ పిల్లను దింపుతూ పద్మనాభం ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు.

“నీదేముందమ్మా, ఇక్కడే ఉంటావుగా. ఎప్పుడైనా వెళ్ళొచ్చు.”

నాలుగో తరగతిలో బడివాళ్ళు పిల్లలందరినీ బస్సులో ఆ ఊరికి తీసుకెళ్ళారు. ఆ రోజుల్లో ఈ కుటుంబం హైదరాబాదులో, వీసా ముద్ర కోసం వెళ్ళి, కబురు రాక ఇరుక్కుపోయి ఉంది. తిరిగొచ్చాక తరగతి గోడమీద అందరి ఫొటోలూ ఉన్నాయి, కావ్యది తప్ప. అప్పుడూ ఆయన ఆ మాటే చెప్పాడు.

న్యాయంగా చూస్తే అందులో దుర్మార్గమేమీ లేదు. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారో రారో తెలియదు. ఇంట్లో ఉన్నవాళ్ళకు రేపు ఉంటుంది. ఏ ఇంట్లోనైనా అలాగే ఆలోచిస్తారు. ఆ ఆలోచనకు ఆధారం ఒక్కటే, పిల్ల ఇక్కడే ఉంటుందనేది. దాన్ని మాత్రం తప్పులు పట్టే మనిషి ఒక్కసారీ పరీక్షించలేదు.

చట్టం వాళ్ళను మోసం చేసిందనీ అనలేం. తండ్రి గ్రీన్ కార్డు వరసలో నిలబడి ఉండగా పిల్లకు ఇరవై ఒకటి నిండితే ఆ పిల్ల పేరు వరసలోంచి పోతుందని మొదటినుంచీ రాసే ఉంది. కావ్యకు నిండింది. మరుసటి ఏడు తల్లిదండ్రులకు కార్డులు వచ్చాయి. శ్రీవిద్య ఆ కవరు సొరుగులో పెట్టి, స్టవ్‌మీద పప్పు అడుగంటుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంట్లో పాయసం కాయలేదు. ఆ తర్వాత కావ్య చదువు ముగిసింది, ఉద్యోగం దొరికింది, వీసా లాటరీలో మాత్రం రెండుసార్లూ పేరు రాలేదు. కంపెనీ మంచిదే, వదులుకోకుండా హైదరాబాదు ఆఫీసులో చోటిచ్చింది. ప్రయాణం సోమవారం.

ఆ కబురు విన్నాక పద్మనాభానికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కారు టైర్లలో గాలి సరిచూసుకున్నాడు. గరాజ్ ఊడ్చాడు. రావలసినదేదో రావడం లేదని ఆయనకు తెలుస్తూనే ఉంది. పన్ను పీకేముందు మత్తు సూది పొడిచాక చిగుళ్ళను నాలుకతో తడిమి చూసుకున్నట్టు, ఒకటి రెండుసార్లు తనను తాను తడిమి చూసుకున్నాడు. ఏమీ తగల్లేదు.

మంగళవారం భోజనాల దగ్గర అడిగాడు.

“కావ్యా, శనివారం ఖాళీయేనా?”

“ఖాళీయే నాన్నా. ఫ్రైడేకి బ్యాంక్ పని అయిపోతుంది. ఎందుకు?”

“సెయింట్ అగస్టీన్ వెళ్దాం.”

కావ్య చెంచా ఆపింది. “ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు. మనమే.”

“ఓ,” అంది కావ్య. మళ్ళీ చెంచా ఎత్తుతూ, “ఓకే,” అంది.

“పులిహోర చేయనా, అక్కడే ఏదైనా తిందామా?” అని శ్రీవిద్య అడిగింది.

“పులిహోరే. చుట్టాలకి ఏం చేస్తావో సేమ్ అదే. స్టోరీస్ వినడమే కానీ నేను ఆ ట్రీ కింద ఎప్పుడూ తినలేదు కదా.” ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండేదేమో. “చర్చ్ లోపల ఎలా ఉంటుంది నాన్నా?”

“నేను చూడలేదమ్మా.”

“వాట్! అన్నిసార్లు వెళ్ళి?”

“చెప్పుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా.”

కావ్య నవ్వింది. “సో, యూ ఆర్ ద సెక్యూరిటీ గార్డ్.”

ఆ రాత్రి ఆయన ప్లాన్‌ను మనసులో తిరగేసి ఒక మార్పు చేశాడు. ముందు కెథీడ్రల్, తర్వాతే కోట. అంతకాలంలో ఆ ప్లాన్‌లో వరస మారడం అదే మొదలు. ఈ ఒక్క ప్రయాణమైనా పిల్ల చేతిలో సరిగ్గా పెట్టి పంపాలని ఆయన కోరిక. కోరిక అనడం కూడా ఎక్కువేమో. చేయవలసిన పనుల్లో ఇంకా మిగిలి ఉన్నది అదొక్కటే.

హాల్లో రెండు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో ఏం సర్దాలో శ్రీవిద్యకు పాలుపోవడం లేదు. ఇక్కడినుంచి వెళ్ళే పెట్టెల్లో ఇన్నాళ్ళూ చాక్లెట్లూ బాదంపప్పులూ నింపింది, అవి ఎవరెవరికో ఇవ్వడానికి. అక్కడ బతకడానికి వెళ్ళే మనిషికి ఇక్కడినుంచి ఏం పెడతారు? ఆవకాయ పెట్టబోయి, అది ఎక్కడినుంచి వచ్చిందో గుర్తొచ్చి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసింది.

గురువారం సాయంత్రం నీరజ్ ఫోన్ చేశాడు. నెల్లూరు కుర్రాడు, పద్మనాభంతో పాటు అదే ఆఫీసు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పద్మనాభం దోసకాయ తరుగుతున్నాడు.

“అన్నా, అమ్మా నాన్నా పిన్నీ వచ్చి వారమైంది. గోడలు చూస్తా కూర్చున్నారు పాపం. శనివారం మీరు అగస్టీన్ పోతున్నారంట, వదిన మా ఆవిడతో అన్నిందంట. నాకేమో ఆ రోజు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని. ముగ్గురికీ చోటుంటుందా?”

“దానికేముందయ్యా, తప్పకుండా! ఎనిమిదికల్లా తయారుగా ఉండమను. నాన్నగారికి ముందు సీటు,” అన్నాడు పద్మనాభం.

ఆలోచించి అన్నది కాదు. నోటికి అలవాటైన మాట, చేతిలో కత్తి ఆగకుండానే వచ్చేసింది. పెద్ద వ్యాన్ అమ్మేసి చాలాకాలమైంది. ఇప్పుడున్నది ఐదుగురు పట్టే కారు.

బల్ల దగ్గర లాప్‌టాప్ ముందున్న కావ్య తలెత్తింది. “ముగ్గురా? ఫైన్ నాన్నా. నేను ఇంట్లో ఉంటాను. ఎలాగూ ప్యాకింగ్ ఉంది.” ఆ గొంతులో అలక లేదు. ఉషా ఆంటీ ఇంటికి వెళ్ళడానికి సంచి భుజాన వేసుకున్న పాత పిల్ల గొంతు అది.

“నీదేముందమ్మా...” అన్నాడు పద్మనాభం. అక్కడ ఆగిపోయాడు.

వంటింటి గట్టు దగ్గర శ్రీవిద్య కుళాయి కట్టేసింది. “ఆగారేం? చెప్పండి. ఇక్కడే ఉంటావుగా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. చెప్పండి మరి.”

ఆయన కత్తి కింద పెట్టాడు.

“సోమవారం ఆ పిల్ల వెళ్ళిపోతోంది. ఇక మీదట మనింటికి రావాలంటే వీసా వేయించుకుని, తిరుగు టికెట్టు చేత్తో పట్టుకుని రావాలి. ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళిపోవాలి. చుట్టమంటే ఎవరండీ? నాకు తెలియక అడుగుతున్నాను.”

“అమ్మా, ప్లీజ్. డ్రామా వద్దు.”

“డ్రామా కాదే. కార్లో సీట్ల సంగతి మాట్లాడుతున్నా.”

పద్మనాభం దోసకాయ పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. ఇంటికొచ్చిన మనిషికి లేదని చెప్పడం ఆయనకు చేతకాదు. నీరజ్ తల్లిదండ్రుల తప్పు ఇందులో ఇసుమంతైనా లేదు. పరాయి దేశంలో నాలుగు గోడల మధ్య కూర్చున్న పెద్దవాళ్ళు. రమ్మని చెప్పిన నోటితోనే వద్దని చెప్పడం ఏ లెక్కన చూసినా మర్యాద కాదు. అటువైపు ఇంత బరువుంది. ఇటువైపు కూతురు. తూచడానికి ఆయన ఎక్కువసేపు తీసుకోలేదు, కానీ ఫోన్ అందుకున్న చెయ్యి మాత్రం తనది కానట్టు అనిపించింది.

“నీరజ్, పొరపాటైందయ్యా. శనివారం కుదరదు. మా అమ్మాయిని తీసుకెళ్తున్నాను. కారులో చోటు లేదు.”

అవతల ఏదో మాట్లాడుకున్నారు, ఫోన్ చేతులు మారింది. తర్వాత వేరే గొంతు, పెద్దాయనది.

“పద్మనాభం గారా? నేనయ్యా, నీరజ్ వాళ్ళ నాన్నని. అబ్బాయి ఇప్పుడే చెప్పినాడు, పాప పోతా ఉందంట గదా. ముందే చెప్పుంటే మేం అడిగే వాళ్ళమే కాదు. ఆ కోట యాడికీ పోదులే. మీరు పోయి రాండి.”

“మళ్ళీ వారం మిమ్మల్ని నేనే తీసుకెళ్తానండీ.”

“దానికేముందయ్యా,” అన్నాడాయన.

శనివారం ఎనిమిదింటికి శ్రీవిద్య పులిహోర డబ్బాతో వచ్చి, వెనక తలుపు తీసి కూర్చుంది. కావ్య కారు పక్కన నిలబడింది. ముందు సీటు ఖాళీగా ఉంది. తల్లి కిటికీలోంచి చూడటం లేదు. బెల్టు పెట్టుకోవడంలో మునిగినట్టు నటిస్తోంది. కావ్య చుట్టూ తిరిగి వచ్చి ముందు కూర్చుంది.

ఆరెంజ్ పార్క్ దాటి పొడవాటి వంతెన ఎక్కగానే పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. ఆ వంతెనమీద ఎన్నోసార్లు, ఎందరికో చెప్పిన వాక్యం దానంతటదే వచ్చింది.

“ఇది సెయింట్ జాన్స్ నది. అన్ని నదుల్లా కాదు, ఇది ఉత్తరానికి పారుతుంది.”

ఆ నది ఒడ్డునే పెరిగిన పిల్ల కిటికీలోంచి కిందికి చూసి, పరాయి ఊరినుంచి వచ్చిన పెద్దమనిషిలా తల ఆడించింది.

“అలాగాండీ పద్మనాభం గారూ! ఎంత వింత!”

వెనకనుంచి శ్రీవిద్య ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలో వేరేదిగా మారబోతే, పులిహోర డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. పద్మనాభం ముందుకే చూస్తూ, “అవునండీ,” అన్నాడు.

కెథీడ్రల్ ముందు ఆయన అలవాటుగా మెట్ల పక్కన ఆగిపోయాడు. నీళ్ళ సీసాలు రెండూ చేతిలోనే ఉన్నాయి.

“సెక్యూరిటీ గారూ,” అంది కావ్య, “చెప్పులు ఎవరూ విప్పలేదు. రండి.”

నిజానికి ఒకరు విప్పారు. శ్రీవిద్య తన శాండిల్స్ తీసి ప్లాస్టిక్ సంచిలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని లోపలికి నడిచింది.

లోపల చల్లగా ఉంది. పైన చెక్క దూలాలు, రెండు పక్కలా రంగుల అద్దాల కిటికీలు, దూరంగా కొవ్వొత్తులు. ముగ్గురూ ఒక బల్లమీద కూర్చున్నారు, కావ్య నడుమ. ఇన్నాళ్ళూ రాని ఆ ఏడుపు ఇక్కడైనా వస్తుందేమోనని పద్మనాభం ఎదురుచూశాడు. రాలేదు. ఎర్రటి వెలుగు ఒకటి వచ్చి ఆయన బూట్లమీద పడి, నెమ్మదిగా పక్కకు జరిగి కావ్య పాదాలమీదికి వెళ్ళింది. ఆయన దాన్ని చూస్తూ ఉన్నాడు. ఇంతకుముందు వచ్చినవాళ్ళెవరినీ ఆయన లోపల ఇంతసేపు ఉండనివ్వలేదు. బయటినుంచి చేతి గడియారం చూపించి పిలిచేసేవాడు.

“నాన్నా,” అంది కావ్య గుసగుసగా. “ప్లాన్ ప్రకారం ఇప్పుడు మనం ఎక్కడుండాలి?”

కోట సగం చూసేసి ఉండాలి. ఎండ ముదురుతోంది. ఆ తర్వాత వీధి, ఆ తర్వాత ఓక్ చెట్లు, అన్నీ వెనకబడ్డాయి.

“ఇక్కడే,” అన్నాడు పద్మనాభం.

కావ్య ఆ మాట నమ్మలేదు. అయినా లేవలేదు.