భాగ్యలక్ష్మి నడుము, జములమ్మ పొట్ట

గద్వాల చీరకు ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఆ రెండింటినీ పోగుకు పోగు మెలేసి కలపాలంటే మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. భాగ్యలక్ష్మి, ఆమె యారాలు జములమ్మ, అంటే మరిది పెళ్లాం, ముప్పై ఏళ్లుగా అట్లాగే కూర్చుంటున్నారు. కూర్చునే చెక్కలో ముప్పాతిక భాగ్యలక్ష్మిది, మిగిలింది జములమ్మది. జములమ్మ ఏనాడూ నోరెత్తలేదు. ఎత్తింది భాగ్యలక్ష్మి కొడుకు ప్రవీణ్.

"అమ్మా, గుంటలకెళ్లి నిన్ను లేపనీకి ఇద్దరు కావాలె. తిండి తగ్గియ్యమంటే తగ్గియ్యవు. ఈ చీర నేసుడైపోయి మగ్గం మీదికెళ్లి కోసినంక నీ జాగల రమ్య కూసుంటది."

రమ్య అతని భార్య. మంచిపిల్లే, కానీ ఆమె చెయ్యి పడితే అంచు అలిగి ముడుచుకుంటుంది.

భాగ్యలక్ష్మికి ఒళ్లు మండింది. నెలల తరబడి సగం జొన్నరొట్టెతో లేస్తున్న మనిషిని పట్టుకుని తిండిపోతంటారా? మగ్గం లేకపోతే తనేముంది, గోడకు చేరగిలబడ్డ ఒక ముసలమ్మ!

నేతన్నల సంఘం దగ్గర డాక్టర్లు ఉచితంగా చూస్తున్నారని తెలిసి యారాలి రెక్క పట్టుకుని బయల్దేరింది. ప్రవీణ్‌నూ లాక్కుపోయింది, చెవులారా వినాలి కదా.

డాక్టరు రజిత చిన్న వయసు పిల్ల. భాగ్యలక్ష్మి బరువు తూచి, ఎంత ఎత్తుకు ఎంత బరువుండాలో రాసిన గోడమీది పట్టిక వైపు చూసింది.

"జర ఆగు బిడ్డా," అంది భాగ్యలక్ష్మి. "ఇగో, ఇది నా యారాలు. మాది ఒక్క కుండ వంట, ఒక్క గుంటల పని. నాకన్న ఒక రొట్టె ఎక్కువనే తింటది. ఇదేమో కట్టెలెక్క ఉంటది, నేనేమో వడ్ల గుమ్మి లెక్క అయితుంట. గిదేం న్యాయం?"

"నా రొట్టెలు లెక్కపెడ్తవా అక్కా!" అంది జములమ్మ.

డాక్టరు నవ్వింది. "అది కొంత పుట్టుకతోనే వస్తదమ్మా. అమ్మానాయనల నుంచి వచ్చే జన్యువులను బట్టి కొందరికి కొవ్వు జల్ది చేరుతది, కొందరికి చేరదు. తిండి, కదలిక గూడ లెక్కే. అంతా నీ తప్పంటే మాత్రం ఒప్పుకోను."

"ఇన్నవారా?" అని కొడుకు వైపు తిరిగింది భాగ్యలక్ష్మి. గెలిచిన ఊపులో ఇంకో మెట్టెక్కింది. "మరి గీ పట్టిక మనోళ్లను కొలిచే రాసిన్రా?"

"లేదు, మొదట్ల తెల్లోళ్లను కొలిచి రాసిన్రు."

"గట్ల చెప్పు! అయితే నా బరువు జర తగ్గించి రాయి."

"తగ్గియ్యాల్సింది హద్దునమ్మా. మనోళ్లకు తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ ముప్పు వస్తది. అందుకే నడుం గూడ కొలుస్తం."

భాగ్యలక్ష్మి నడుం కొలిస్తే హద్దు దాటింది. తర్వాత డాక్టరు అదే టేపు జములమ్మ చుట్టూ తిప్పింది. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, కుచ్చిళ్ల వెనక మాత్రం చిన్న కుండ. హద్దు దాటింది.

"నేనా? సన్నగున్న గదా!"

"కొంగు చాటున దాచినవు గదనే!" భాగ్యలక్ష్మికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్లొత్తుకుంది. అప్పుడు, వచ్చిన పని గుర్తొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "మరి... మగ్గం దిగాల్నా?"

"ఎందుకు దిగాలె? మగ్గం నేసుకో. కాని మధ్యమధ్య లేచి తిరుగు. రోజూ ఇద్దరు నడువుండ్రి."

అప్పట్నుంచి సాయంత్రమైతే గద్వాల కోట చుట్టూ వాళ్ల నడక. ముందు భాగ్యలక్ష్మి, వెనక వగరుస్తూ జములమ్మ. ఒళ్లు పెద్దగా కరిగిందేమీ లేదు. కానీ చీర కోసిన రోజు భాగ్యలక్ష్మి మగ్గం దూలం పట్టుకుని, ఎవరి చెయ్యీ అడగకుండా, గుంటలోంచి లేచి నిలబడింది. రమ్య చప్పట్లు కొట్టింది.

ప్రవీణ్ మెల్లగా జారుకోబోయాడు.

"యాడికిరా? ఇటు రా." కొడుకు అంగీ పైకెత్తి, చీరలు కొలిచే టేపు తీసి నడుముకు చుట్టింది. అతను ఊపిరి బిగబట్టాడు. "ఇడువు కొడుకా, ఊపిరి ఇడువు. నువ్వు గూడ నా కడుపున పుట్టినోనివే. రేపటిసంది మా ఎనక నడువు."

టేపు రమ్య చేతికిచ్చి మళ్లీ గుంటలోకి దిగింది. చెక్క మీద ముప్పాతిక తను సర్దుకుని, కొత్త చీరకు మొదటి పోగుతో నాడె విసిరింది.