చింతలపూడిలో ఈగల పాఠం

నూజివీడు బస్టాండులో ఉదయం ఏడున్నరకి చింతలపూడి బస్సెక్కాను. నేను ముసునూరు దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతాను. ఆన్‌లైన్ వీడియోలతో పాఠాలు చెబుతుంటే, క్లాసులో సినిమాలు వేస్తున్నానని ఎవరో పై అధికారికి చేరవేశారు. ఆ రోజు ఆయన చింతలపూడిలో ఒక బడికి తనిఖీకి వస్తున్నారు. అక్కడి పిల్లలకు తన ఎదుట నేనొక పాఠం చెప్పాలట. నచ్చకపోతే మా బడి టీవీ గదికి తాళం. నేను బతిమాలుకోవడానికి బయలుదేరలేదు.

ఊరు దాటగానే రెండు వైపులా మామిడి పూత. పక్క సీటులోని వ్యాపారి నన్ను గుర్తుపట్టాడు.

"మీరు పెద్దతోట వారి మనవడు కదండీ? ఈ ఏడు ఆ తోట కాపు పూత మీదుండగానే మేమే కొన్నామండీ."

"మా తాతగారి పెత్తనంతో పాటే అది మా చెయ్యి దాటి చాలా ఏళ్ళయింది. కాయ బాగా పట్టాలి," అన్నాను. ఆయన జాలిపడబోయాడు. నేను చూపు దించలేదు. ఆయనే కిటికీ వైపు తిరిగాడు.

తొమ్మిదింటికి దిగి, స్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. ఆ దారిన వెళ్ళే మాస్టర్లకు ఒక మాట: వీడియో ముందే పెన్ డ్రైవ్‌లో వేసుకోండి. నెట్టును నమ్ముకుంటే మంచి ఘట్టంలో సబ్బుల ప్రకటన వస్తుంది.

పదిన్నరకి ఎనిమిదో తరగతిలో పాఠం, పరాగ సంపర్కం. అధికారి వెనక బెంచీలో కూర్చున్నారు. మొదట పుస్తకంలో ఒక పేజీ చదివించాను. ఒక్కరూ నోరెత్తలేదు. తర్వాత అక్కడి టీవీలో విదేశీ తోటల వీడియో వేశాను. పువ్వు మీద తేనెటీగ వాలగానే ఆపి, "మన మామిడికీ ఇంతేనా?" అన్నాను.

"కాదండీ, మా తోటలో ఈగలే ఎక్కువండీ!" అంది ముందు వరసలోని అమ్మాయి. "ఈగలు రావాలని మా నాన్న చేపల తుక్కు సంచులు చెట్లకు కడతాడండీ."

"అందుకేనా నీ దగ్గర ఆ వాసన?" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది.

"నువ్వు తినే రసాలు ఆ ఈగలు పెట్టిన భిక్షేరా!" అంది ఆ అమ్మాయి.

తేనెటీగలూ వస్తాయని ఇంకొకడు లేచాడు. వాదన ముదిరింది. పూత కొమ్మ తెప్పించి అందరికీ ఇచ్చాను. పువ్వు చిన్నది, తెరుచుకుని ఉంటుంది, ఈగకైనా పుప్పొడి అంటుతుందని వాళ్ళే తేల్చారు.

అధికారి లేచారు. "వీడియో తప్పని పిల్లలే చెప్పారుగా. ఇంకెందుకండీ అది?"

"అది విదేశీ తోటల సంగతండీ. దాన్ని చూశాకే వీళ్ళు మన తోట సంగతి చెప్పారు."

"ఈ గోలేంటి? మీ తాతగారి దర్బారనుకున్నారా?"

"ఆయన దర్బారులో ఆయనొక్కరే మాట్లాడేవారండీ. అందుకే అది మిగల్లేదు."

ఆయన మొహం ఎర్రబడింది. "రేపటి నుంచి టీవీ పెట్టకండి."

"కాగితం మీద రాసివ్వండి. పిల్లలు పాఠంలో ఎక్కువ మాట్లాడారు కాబట్టి ఆపమన్నానని, కారణం కూడా రాయండి."

ఆయన కలం తీశారు, కాసేపు పట్టుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

నాలుగింటి బస్సుకి తిరిగి బయలుదేరాను. కూర్చోను చోటు లేదు, ముసునూరు దాకా నిలబడే వచ్చాను. కాళ్ళు లాగాయి గానీ, ఒక క్లాసు నిండా తగవు పెట్టి వచ్చిన తృప్తి ముందు అదెంత? కాగితం వస్తే అప్పుడు చూసుకుందాం. రేపు మూడో పీరియడ్‌లో టీవీ వేస్తున్నాను.