శబరిలో మునిగిన మామయ్య ఇంజన్

నేను బచేలిలో ఇనుప ఖనిజం గని వర్క్‌షాపు మెకానిక్‌ని. ఖనిజం మోసే ఇంటి ఎత్తు డంపర్ల ఇంజన్లు విప్పి బిగించడం నా పని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, అప్పట్లో ఎవరు కలిసినా ముందు ఇదే చెప్పేవాణ్ణి. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు అమ్మాయిని చూడకముందే, డంపర్ టైరు ఎంత ఎత్తుంటుందో కాబోయే మామగారికి చెయ్యెత్తి చూపించాను. ఆయన శ్రద్ధగా విని, "మరి నీళ్లల్ల నడుస్తదా?" అని అడిగాడు. అప్పటినుంచీ నాకు ఆయనంటే కొంచెం గుర్రుగానే ఉండేది.

మామయ్యది సుక్మాకు దిగువన, శబరి ఏటి ఒడ్డున ఒక ఊరు. కొంచెం పొలం, ఒక పడవ. పొలానికి నీళ్లు తోడే డీజిల్ ఇంజన్‌ని పడవ వెనక బిగించి, దానికో పొడవాటి రాడ్డు, రాడ్డు చివర ఫ్యాను పెట్టించాడు. అవతలి ఒడ్డు ఒడిశా. అక్కడ ప్రతి గురువారం బజార్. కోళ్లూ, చింతపండూ, గంపలూ పట్టుకుని ఇవతలి ఊళ్లవాళ్లంతా మామయ్య పడవ ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్లతో ఆయన హల్బీలో ఒక మాట, దోర్లీలో ఒక మాట, తెలుగులో ఒక తిట్టు విసురుతూ ఏరు దాటిస్తాడు.

ఆ రేవుకొక కట్టుబాటు ఉంది. వానాకాలంలో పడవ నడిపేవాడిదే రేవు. వరుసగా రెండు బజార్లకు పడవ కదలకపోతే రేవు ఇంకొకరిది. పంచాయితీ, తగాదా ఏమీ ఉండవు. ఎగువ ఊళ్లో కొత్త ఇంజన్ కొన్నవాడొకడు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు.

ఆ ఏడు వరదకు మామయ్య పడవ కట్టిన చోటే మునిగింది. ఇంజన్ మూడు రోజులు నీళ్లలోనే ఉంది. ఏరు కాస్త తగ్గాక పదిమంది దిగి పైకి లాగారు. ఒక బజార్ అప్పటికే తప్పిపోయింది. వచ్చే గురువారం కూడా తప్పితే రేవు పోయినట్టే. ఆ మాట ఫోన్లో మా ఆవిడతో చెబుతూ ఆయన ఏడ్చాడట. నాతో మాత్రం, "ఊరికెనే రా అల్లుడా, చేపలు తినిపోదువు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరాను. దంతెవాడలో ఒక బస్సు, సుక్మాలో ఒకటి, ఆపైన బావమరిది మోటార్ సైకిల్. దారి పొడుగునా ఒళ్లో మా నాన్న పానాల పెట్టె. నాన్న కూడా అదే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. చనిపోతూ నాకిచ్చిన ఆస్తి ఆ ఇనుప పెట్టె ఒక్కటే. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను.

రేవుకు చేరేసరికి మామయ్య ఇంజన్‌ని ఇప్పపువ్వు ఆరబోసే చాప మీద ఎండకు పెట్టి, పక్కన కాపలా కూర్చుని ఉన్నాడు.

"హ్యాండిల్ తిప్పారా?" అన్నాను.

"మూడుసార్లు కొట్టిన. కదలలె."

లోపల నీళ్లున్నప్పుడు బలవంతాన తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ మాటే గట్టిగా అన్నాను. ఆయన తన చేతుల వంక చూసుకుని, "అంత బలం నాకేడుంది అల్లుడా" అన్నాడు. నిజమే. రాడ్డు బతికింది ఆయన వయసు పుణ్యమా అనే.

సోమవారమంతా విప్పడంతోనే సరిపోయింది. అడుగు బోల్టు తీస్తే నల్లగా రావాల్సిన ఇంజన్ ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగులో వచ్చింది. డీజిల్ చిమ్మే నాజిల్ తీసి మెల్లగా హ్యాండిల్ తిప్పితే ఎర్రటి బురదనీళ్లు నా చొక్కా మీదికి చిమ్మాయి. మామయ్య ఆ చొక్కా చూసి చాలా ఆనందించాడు. ట్యాంకు కడిగాను, పైపులు ఊదాను, ఫిల్టర్ మార్చాను, ఆయిల్ రెండుసార్లు పోసి రెండుసార్లు తీసేశాను. డంపర్ ముందు ఇదెంత అని పైకే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మంగళవారం పొద్దున హ్యాండిల్ కొడితే ఇంజన్ నాలుగుసార్లు టకటకమని, తెల్లటి పొగ వదిలి ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే అడుగున నీళ్లు! మళ్లీ అంతా కడిగాను. సాయంత్రం బాగానే కాసేపు ఆడింది. బుధవారం పొద్దున మళ్లీ అదే పొగ, అవే నీళ్లు. అయితే ఈసారి ఒక తేడా కనిపించింది. శబరి వరదనీళ్లు ఎర్రగా ఉంటాయి, ఇవి తేటగా ఉన్నాయి. వేలితో తాకి వాసన చూశాను. డీజిల్ వాసన, దాని వెనకే సారా వాసన. తల తిప్పితే పక్కన మామయ్య వంగి చూస్తున్నాడు. సరే, వాసన ఈయనదే అనుకున్నాను. నా సర్వీసులో అంత తప్పుడు నిర్ధారణ ఇంకెప్పుడూ చేయలేదు.

డీజిల్‌లోనే నీళ్లు కలిపారని తేల్చుకుని, బండెక్కి రోడ్డు మీది దుకాణానికి వెళ్లి హిందీలో కొట్లాడాను. దుకాణదారు ఓపికగా గాజు సీసాలో డీజిల్ పట్టి ఎండకెత్తి చూపించాడు. చుక్క నీరు లేదు. పైగా నాకు చాయ్ ఇప్పించాడు. ఆ చాయ్ తాగడం కన్నా తిట్టించుకోవడం నయం.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. మామయ్య లేడు. రేపు పడవ కదలకపోయినా ఇంకొక్క బజార్ ఆగమని ఊరి పెద్దను బతిమాలడానికి వెళ్లాడు. ఒక్కణ్ణే కూర్చుని ట్యాంకు అడుగు బోల్టు విప్పి, కారినదాన్ని చేతిలో పట్టాను. గుప్పున సారా వాసన. అటు చూశాను, ఇటు చూశాను. చుట్టుపక్కల మామయ్య ఎక్కడా లేడు. వాసన మాత్రం ఉంది.

అప్పుడే అత్తయ్య అన్నం తెచ్చింది. "అత్తయ్యా, ఈ ట్యాంకులో ఎవరైనా ఏమైనా పోశారా?" అన్నాను.

"మీ మామ పోస్తుండు గద, పోయిన పెద్దల వాటా," అంది ఆవిడ, నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు. "పొద్దు పొద్దున ఒక దొప్పెడు ఇప్పసారా. మునుపు పడవ మూతికి పోసేటోడు. ఇప్పుడు రోగం ఇంజన్‌కొచ్చె. అందుకని దానికే పోస్తుండు."

తాను తాగేటప్పుడు చుక్కలు లెక్కపెట్టుకునే మనిషి, పెద్దలకు మాత్రం దొప్ప నిండా పోస్తున్నాడు. సారాలో సగానికి పైగా నీళ్లే. అది డీజిల్‌లో కలవదు, అడుక్కి దిగి తిన్నగా ఇంజన్ పంపులోకి పోతుంది. నేను రోజంతా కడగడం, ఆయన తెల్లారగానే నింపడం.

మామయ్య ఊరి పెద్ద దగ్గర్నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆయన ముఖం చూసైనా ఆగాల్సింది. ఆగలేదు. "మీ పెద్దలకు దాహమేస్తే ఎదురుగా అంత శబరి ఉంది. నా ట్యాంకే దొరికిందా? రేపు రేవు పోతే పోగొట్టింది వరద కాదు, మీరే!" అని అరిచాను.

ఆయన నా వంక కాదు, ఏటి వంక చూశాడు. తర్వాత, "మా నాయన ఈ రేవులనే పోయిండు అల్లుడా. గిట్లనే వరద దినం. ఆయనకు ఇయ్యకుండ నేను పడవ ఎన్నడు ఇప్పలె," అని లేచి వెళ్లిపోయాడు.

నాకు చాలా సిగ్గేసింది. అన్నం పక్కన పెట్టేశాను. చీకటి పడేలోపు ట్యాంకు, పంపు, నాజిల్ మళ్లీ విప్పి కడిగి, కొత్త డీజిల్ గుడ్డలో వడకట్టి పోశాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయనకు ఏం చెప్పాలో వెతుక్కుంటూనే ఉన్నాను.

గురువారం పొద్దున ఇంజన్‌ని పడవలో బిగించాం. రేవు నిండా జనం. ఎగువ ఊరివాడు కూడా గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు. హ్యాండిల్ కొట్టాను. మొదట తెల్లపొగ, తర్వాత నల్లపొగ, తర్వాత అసలు పొగే లేదు. పావుగంట ఆడినా ఆగలేదు. కోళ్లతో, గంపలతో జనం ఎక్కేశారు. గొడుగు మెల్లగా ఎగువకు వెళ్లిపోయింది.

కానీ పడవ కదలలేదు. మామయ్య తాడు చేత్తో పట్టుకుని విప్పకుండా అలాగే కూర్చున్నాడు. ఆయన రెండో చెయ్యి ఖాళీగా ఉంది. ఆ పొద్దున దొప్ప తేలేదు. నేను అరిచినందుకే తేలేదు.

గట్టెక్కి ఇంటికి పరిగెత్తాను. "అత్తయ్యా, దొప్పెడు సారా ఇవ్వండి" అంటే ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు గూడ మొదలుపెట్టినవా?" అంది. ఒలకకుండా తెచ్చి మామయ్య చేతిలో పెట్టి, పడవ మూతి చూపించాను.

ఆయన మూతి మీద సగం పోసి, పెదవులు కదిలిస్తూ ఏదో చెప్పుకున్నాడు. మిగతా సగంతో లేచొచ్చి దొప్పను సరిగ్గా డీజిల్ ట్యాంకు మీద పట్టాడు. నేను గబుక్కున ట్యాంకుకు చెయ్యి అడ్డం పెట్టాను.

"భయపడ్డవా అల్లుడా?" అని నవ్వి, వంగి ఆ సారాను పక్కనే ఉన్న నా పానాల పెట్టె మీద పోశాడు. "ఇది మీ నాయనకు. ఇంజన్ నడిపింది ఆయన పానాలే గద."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నల్లపొగ వల్ల అని చెప్పాను. మా నాన్న జీవితంలో సారా ముట్టి ఎరగడు. ఆ రోజు మాత్రం కాదని ఉండడు.