ఆకు బొమ్మ ఉన్న డబ్బా

ఈ మాట ఏళ్లుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

నేను మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. డబ్బాకు మూత సరిగ్గా పడిందా, లేబుల్ వంకరగా అంటుకుందా, ఇవి చూడటమే నా పని. లోపలి మందు సంగతి నాకేం తెలుసు? కానీ మా వైపు మందుల కంపెనీలో పనిచేసే ప్రతివాళ్లూ సగం డాక్టరే. జ్వరమొచ్చినా, నడుము పట్టినా ఇంటికొచ్చి నన్నే అడిగేవారు. నాకు తెలియదని ఒక్కరికీ చెప్పలేదు. పదో తరగతితో చదువు ఆగినదాన్ని, ఆ గౌరవం నాకు తీయగా ఉండేది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, ఆ ఆముదం చెట్టును నేనే.

మా వదిన, అంటే అన్న భార్య, శామీర్‌పేటలో రోడ్డు పక్కన టిఫిన్ సెంటర్ నడిపేది. ఆమెకు గుండెలో వాల్వు మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక గోళీ మింగాలి. ఆకుకూరలు ఎక్కువైతే ఆ గోళీ సరిగ్గా పనిచేయదని, చూసుకుని తినమని డాక్టరు చెప్పాడు. వదిన ఆ మాటను వ్రతంలా పట్టుకుంది. పాలకూర పప్పు అందరికీ వండిపెట్టి, తాను చారుతో తినేది.

నీరసంగా ఉంటోందని, రోజూ ఒక విటమిన్ గోళీ వేసుకోవచ్చా, వేసుకుంటే ఏది మంచిదని ఒకరోజు నన్ను అడిగింది. డాక్టరును అడుగు వదినా అంటే అయిపోయేది. అనలేదు. సుచిత్ర చౌరస్తాలో ఒక మెడికల్ షాపుకు వెళ్లాను. ఎవరికి, వేరే మందులేమైనా వాడుతున్నారా అని షాపతను అడిగాడు. నాకే అన్నాను. ఎందుకలా అన్నాను? వదిన కోసమంటే డాక్టరు చీటీ అడుగుతాడు, నాకేమీ తెలియదన్న సంగతి నలుగురిలో బయటపడుతుంది. అంతే. అంత చిన్న సిగ్గు. వెనక అన్నిటికంటే ఎక్కువ విటమిన్ల పేర్లు రాసి ఉన్న డబ్బా ఎంచుకున్నాను. ఎన్ని ఎక్కువ ఉంటే అంత మంచిదనుకున్నాను. ముందు వైపు పచ్చటి ఆకుల బొమ్మ ఉంది.

వదిన దాన్ని తిప్పి తిప్పి చూసింది.

“పిల్లా, డాక్టరు ఆకుకూర సూసుకొని తినమన్నడు గదా. గీ డబ్బ మీద ఆకులే ఉన్నయి. మింగొచ్చా?”

“ఏం గాదు వదినా. గిది మందు గాదు, విటమిన్. బొమ్మ సూసి ఎవరన్నా పరేషాన్ అయితరా?”

“కంపెనీల ఉన్నదానివి, నీకు ఎరుకనే ఉంటది తియ్.”

ఆమెకు వచ్చింది సరైన అనుమానం. నేను దాన్ని నవ్వి కొట్టేశాను.

డబ్బా సగానికి పైగా అయిపోయాక, ఒక పొద్దున దోశ తిప్పుతుంటే వదిన చేతిలోంచి అట్లకాడ జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దగా వచ్చింది. మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆసుపత్రిలో అన్నారు. మందుల కవరు తెమ్మని నన్ను ఇంటికి పంపాడు అన్న. కవరు పక్కనే, టీ పొడి డబ్బా వెనక, ఆ విటమిన్ డబ్బా ఉంది. కవరు చేత్తో పట్టుకుని, డబ్బాను నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

కొత్తగా ఏమైనా వాడుతోందా అని డాక్టరు అడిగాడు. అన్న నావైపు చూశాడు, ఇంట్లో మందుల సంగతి తెలిసినదాన్ని నేనే కదా. బ్యాగు నా భుజానే ఉంది. కదిలితే గోళీల చప్పుడవుతుందేమోనని బిగుసుకుపోయి నిలబడ్డాను. లేదన్నాను.

రక్తపరీక్ష కాగితం చూసి, అయితే గోళీ సరిగ్గా వేసుకుని ఉండదు, అన్నాడాయన. మోతాదు పెంచాడు. ఆ వారమే మా కంపెనీ కెమిస్టును, పక్కింటావిడ కోసమని అబద్ధమాడి అడిగాను. ఆకుల సారం ఉన్న విటమిన్లు ఆ గోళీకి అడ్డం పడతాయని, అవి ఒక్కసారిగా ఆపితే రక్తం మరీ పలచబడొచ్చని చెప్పాడు. విటమిన్ ఆపింది నేనే, ఎవరికీ చెప్పకుండా. వదిన కూడా దాని ఊసెత్తలేదు, అది మందు కాదని నేనే చెప్పాను కదా. కొన్నాళ్లకు వదిన చిగుళ్ల నుంచి రక్తం కారింది. ఎందుకు కారుతోందో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. మళ్లీ పరీక్ష చేసి వాళ్లే మోతాదు తగ్గించే దాకా భయంతో చచ్చాను, కానీ చెప్పలేదు.

అంతా ఆ డబ్బా వల్లే అయిందా? కాకపోవచ్చు కూడా. తేల్చగలిగినవాళ్లకు ఆ అవకాశం నేనే లేకుండా చేశాను.

అయినా నన్ను ఎక్కువగా తినేస్తున్నది అది కాదు. “టైముకు ఒక గోళీ మింగుడు గూడ శాతగాదా నీకు?” అని చుట్టాల ముందే అన్న ఆమెను తిట్టాడు. వదిన మొదట్లో కాదన్నట్టు తల అడ్డంగా ఊపేది. రానురాను ఊపడం మానేసింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే తనే చెబుతుంది, “నేనే మరిసిన కావచ్చు” అని. కుడిచేతికి ఇంకా పట్టు రాలేదు. టిఫిన్ సెంటర్ మూతపడింది.

మొన్న వెళ్లినప్పుడు అన్న ఏదో కొత్త గోళీ ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె మింగలేదు. నావైపు చూసింది. నేను తలూపాకే నోట్లో వేసుకుంది. అది ఏం గోళీయో కూడా నాకు తెలియదు.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు, మా వదిన. ఆమెకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో లేదో చెప్పలేను. కానీ ఒక్క మాటైనా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది. మా వదిన ఒక్క రోజు కూడా గోళీ మరచిపోలేదు.