హ్యాండ్‌బ్రేక్ తీగ

నాయుడుపేట బైపాస్ పక్కన పెంచలయ్య అంగడికీ నా టీ కొట్టుకూ మధ్య రేకు గోడే అడ్డం. కాబట్టి ఆయన మూలుగులన్నీ నాకు వినిపిస్తాయి. కార్లలో బొమ్మ వచ్చే స్టీరియోలు బిగించడం ఆయన పని. బొమ్మ చూసి మురిసేవాళ్ళకు, దాని కోసం డ్యాష్‌బోర్డు కిందికి తలకిందులుగా దూరి మెడ పట్టేయించుకునే మనిషి ఎక్కడ కనిపిస్తాడు? ఈ మధ్య కారులోంచి లేచేటప్పుడు డోరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోతున్నాడు. నడుం పోయింది, ఇక మానెయ్యవయ్యా అంటే, "మానేసి ఏం జేసేది?" అంటాడు.

స్టీరియో వెనక బోలెడు తీగలుంటాయి. అందులో సన్నటి ఆకుపచ్చ తీగ ఒకదాన్ని హ్యాండ్‌బ్రేక్‌కు కలపాలి. అలా కలిపితే బండి ఆపి బ్రేకు వేసినప్పుడే బొమ్మ వస్తుంది, బ్రేకు తీసి కదిలితే పోతుంది. తోలేవాడి కళ్ళు రోడ్డు మీద ఉండాలని ఆ ఏర్పాటు. అది ఎవరికి కావాలి? "బొమ్మ ఆగకుండా చెయ్యన్నా" అనేవాళ్ళే అందరూ. ఆ తీగను కారు బాడీకి తగిలిస్తే చాలు, బ్రేకు వేసే ఉందనుకుని స్టీరియో మోసపోతుంది. పెంచలయ్యకూ అదే సుఖం, సీట్ల మధ్య హ్యాండ్‌బ్రేక్ ఉండే పెట్టె ఊడదీసే చాకిరీ తప్పుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క బండికైనా ఆయన ఆ తీగ సరిగ్గా కలపలేదు. అడిగినవాడికీ లేదు, అడగనివాడికీ లేదు.

మొన్న ఆయన అల్లుడు నరేంద్రబాబు కోట ఊరి నుంచి స్టీరియో బిగించుకోవడానికి కొత్త కారు తోలుకొచ్చాడు. రొయ్యల మేత వ్యాపారం బాగా నడుస్తోందిలెండి. పక్కన కూతురు సుప్రియ, కడుపుతో ఉంది.

పొద్దున కారులో దూరిన పెంచలయ్య మధ్యాహ్నం దాటినా బయటికి రాలేదు. టీ ఇవ్వబోయి చూశాను కదా, పెట్టె ఊడదీసి పక్కన పెట్టి, ఆకుపచ్చ తీగను హ్యాండ్‌బ్రేక్ దాకా లాగి కలుపుతున్నాడు. తనదాకా వస్తే గానీ తెలియదని ఊరికే అన్నారా! నవ్వొచ్చింది గానీ, టీ గ్లాసు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వచ్చేశాను.

అల్లుడు సంబరంగా బండి తీశాడు. నా కొట్టు దాటకముందే బొమ్మ పోయింది.

"ఏంది మామా, ఆగిపోయింది?"

"బండి నిలిపితే వస్తది అబ్బయ్యా. అది అట్లనే ఉండాల."

"ఊరోళ్ళందరికీ ఆగకుండా చేసినావు, నాకు మాత్రం ఇట్లనా? మావాళ్ళకు ఏమని చెప్పుకొనేది?"

కట్నంలో బండి పెట్టలేదని అలిగిన అల్లుళ్ళను చూశాను. తీగ కోసం అలిగినవాణ్ణి చూడటం అదే మొదలు.

"కడుపుతో ఉండే పిల్ల అబ్బయ్యా. నువ్వు బొమ్మ చూస్తా తోలితే..."

సుప్రియ తండ్రి వైపు తిరిగింది.

"నాయనా, ఈ కారు కొనకముందు నెల్లూరు ఆస్పత్రికి బాడుగ కార్లో పోయినాం. స్టీరియో నువ్వు బిగించిందేనని ఆ డ్రైవరే చెప్పినాడు. దారంతా పాటలు చూస్తానే తోలినాడు. అప్పుడు నేను నీ కూతుర్ని కాదా?"

అంత మాట పడ్డాక పెంచలయ్య మొహం నేను చూడలేకపోయాను.

అల్లుడు మాత్రం బండి తిప్పి రోడ్డు అవతల పోలేరయ్య అంగడి ముందు ఆపాడు. పోలేరయ్య ఒకప్పుడు పెంచలయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. పెంచలయ్య నడుం పట్టుకుని రోడ్డు దాటి, "వద్దురా, ముట్టుకోబాక" అన్నాడు.

"నువ్వు నేర్పిచ్చిన పనే గదన్నా?" అన్నాడు పోలేరయ్య. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక. టీ తాగేంత సేపట్లో పని ముగించాడు.

బొమ్మ ఆగకుండా ఆడుతోంది. నరేంద్రబాబు మొహం వెలిగింది. సుప్రియ ముందు సీట్లో కూర్చుని, చున్నీ తీసి తెర మీద కప్పి, అంచులు సందుల్లోకి దోపింది. అతను తీయబోయాడు.

"తీసినావంటే ఈడ్నే దిగి బస్సెక్కుతా."

చెయ్యి వెనక్కి పోయింది. కారు హైవే ఎక్కింది.

నా ప్రాణం కుదుటపడింది. తిరిగొచ్చిన పెంచలయ్యకు టీ ఇస్తూ, "గట్టిదయ్యా నీ కూతురు" అన్నాను.

ఆయన బల్ల మీద కూలబడి, బైపాస్ మీద పోతున్న కార్ల వైపు చూశాడు.

"నా బిడ్డ కప్పింది ఒక్క బండికే గదా" అన్నాడు.