చెవి తమ్మెల సిద్ధాంతం

ఆ రోజుల్లో ఈ ప్రపంచంలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడంటే ఏ మాట చెప్పాలన్నా రెండుసార్లు దగ్గి, ఫోన్లో ఓసారి చూసుకుని, చివర "అనుకుంటాను" అని తోక తగిలిస్తున్నాను గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో కొత్త బీఈడీ పట్టాతో, నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారుగా చేరినప్పుడు, ఆ చుట్టుపక్కలకి విజ్ఞానం నాతోపాటే హనుమాన్ జంక్షన్లో బస్సు మారి వచ్చిందని నా గట్టి నమ్మకం. (మాది ఉంగుటూరు దగ్గర వరి పొలాల ఊరు. స్కూలు చుట్టూ ఉన్నవేమో మామిడి తోటలు. మామిడి గురించి నాకున్న పరిజ్ఞానమల్లా కాయ తినడం, టెంక పారేయడం.)

పదో తరగతికి అనువంశికత పాఠం వచ్చింది. బఠాణీ మొక్కలు, పొడుగు, పొట్టి, ఏది పైకి కనిపిస్తుంది, ఏది లోపల దాక్కుంటుంది. పుస్తకం అక్కడితో ఆగింది. నేను ఆగుతానా? ఇంట్లో అందరి చెవి తమ్మెలూ చూసి పట్టిక రాసుకు రమ్మన్నాను. తమ్మె కింద విడిగా వేలాడుతుంటే ఒక రకం, బుగ్గకి అతుక్కుని ఉంటే రెండో రకం. అంతటితో ఊరుకున్నా బాగుండేది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "తల్లిదండ్రులిద్దరికీ అతుక్కున్న తమ్మెలుంటే పిల్లలకి వేలాడే తమ్మెలు రావడం అసాధ్యం" అని రాసి, "అసాధ్యం" కింద రెండు గీతలు గీశాను. (ఒక గీత సైన్సుది, రెండోది నాది.)

ఆ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ప్రశ్నలడగడం తప్ప మరో పాపం ఎరగదు కాబట్టి స్టాఫ్ రూములో మేమంతా డౌట్ల రాణి అని ముద్దుపేరు పెట్టాం. వాళ్ళ నాన్న దగ్గర్లోని నర్సరీలో మామిడి అంట్లు కట్టేవాడు. అమ్మ తోటల్లో కూలికి వెళ్ళేది. మర్నాడు పట్టిక పట్టుకుని లేచి నిలబడింది.

"సార్, మా అమ్మవీ నాన్నవీ అతుక్కున్నయ్యి. నావేమో వేలాడతన్నయ్యి. మరి నేనెవరి పిల్లని సార్?"

క్లాసు గొల్లుమంది. బుద్ధున్నవాడైతే అక్కడే సర్దుకునేవాడు. నేను సిద్ధాంతం పక్షాన నిలబడ్డాను. "సరిగ్గా చూసి ఉండవమ్మా, మళ్ళీ చూసుకుని రా. సైన్సు తప్పు చెప్పదు" అన్నాను. ఆ మాట ఎంత గంభీరంగా అన్నానో తలుచుకుని సాయంత్రం బస్సులో మురిసిపోయాను కూడా.

ఆ అమ్మాయి రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు పొద్దున ప్రార్థన అయ్యేసరికి గేటు దగ్గర వాళ్ళ నాన్న, అమ్మ, నానమ్మ నిలబడి ఉన్నారు. ఆయన నడుముకి అంట్లు కట్టే కత్తి ఉంది. (మనుషులకన్నా ముందు నాకు అదే కనబడింది.)

"పిల్ల అన్నం తినట్లేదు సార్," అన్నాడాయన. "మీ నాన్నెవరే అని తోటి పిల్లలు ఏడిపిస్తన్నారంట. ఇంటికొచ్చి, నన్నెక్కడి నుంచి తెచ్చుకున్నారని వాళ్ళమ్మనే అడిగింది."

అంతవరకూ నేల చూపులు చూస్తున్న ఆ తల్లి తలెత్తింది. "మీరు బోర్డు మీద రాసింది నా గురించే గదా సార్," అంది. గట్టిగా కూడా అనలేదు. నా పట్టికలో గళ్ళు చాలానే ఉన్నాయి గానీ, ఒక ఆడమనిషి పరువుకి గడి పెట్టాలని నాకు తోచలేదు.

"అదేంటంటే... జన్యువులు..." అని ఏదో నమిలాను.

"అయ్యన్నీ నాకు తెలవ్వు సార్," అన్నాడు వాళ్ళ నాన్న. "ఒక్కటి చెప్పండి. రసం కాయ టెంక నాటితే మళ్ళీ ఆ రసమే కాసిద్దంటారా?"

తేలిక ప్రశ్నే వచ్చిందని ఊపిరి పీల్చుకుని, "ఎందుకు కాయదు?" అన్నాను.

"అట్టయితే నాకు పనేముందండీ? ఒకే చెట్టు టెంకలు పది నాటితే పది రకాలుగా వస్తయ్యి. ఎప్పటి ఎనకటి పోలికలో బయటపడతయ్యి. అచ్చం తల్లిలాగే కావాలనే గదా కొమ్మ తెచ్చి అంటు కట్టేది. మడుసులకి అంటు కట్టరు గదండీ!"

ఇక నానమ్మ వంతు. అత్తగారు కదా, కోడలి మీద విరుచుకుపడుతుందనుకున్నాను. నా మీద విరుచుకుపడింది. "ఏవయ్యా మాస్టారూ, మా కోడల్ని అనేంతటోడివా? ఇటు చూడు!" అంటూ జుట్టు వెనక్కి తోసి చెవులు చూపించింది. ఏళ్ళ తరబడి బరువైన దుద్దులు మోసి ఆ తమ్మెలు దాదాపు భుజాల దాకా సాగి ఉన్నాయి. "నా మనవరాలికి నా చెవులొచ్చినయ్యి. రాసుకో."

బరువుకి సాగిన తమ్మెలు మనవరాళ్ళకి రావని, బతుకులో వచ్చిపడిన మార్పులు పిల్లలకి సంక్రమించవని చెప్పడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూశాను. నా ఉద్యోగ జీవితంలో నేను ప్రదర్శించిన మొదటి తెలివి అదే.

"రాసుకున్నానండీ" అన్నాను.

"నాకు కాదు. అందరి ముందూ అన్నావు, అందరి ముందే చెప్పు," అందావిడ.

వాళ్ళని వరండాలో కూర్చోబెట్టి, స్టాఫ్ రూములో కంప్యూటర్ ముందు చేరాను. చెవి తమ్మెని తేల్చేది ఒక్క జన్యువు కాదట, చాలా జన్యువులు కలిసి తేలుస్తాయట. అటూ ఇటూ కాని తమ్మెలు కూడా ఉంటాయట. వాటిని చూసి ఎవరి పిల్లలెవరో చెప్పడం కుదరనే కుదరదట. నర్సరీ మనిషి గేటు దగ్గర రెండు నిమిషాల్లో చెప్పింది నా బుర్రకెక్కడానికి గంట పట్టింది.

మధ్యాహ్నం ఆయన ఇంటికెళ్ళి కూతుర్ని తీసుకొచ్చాడు. నానమ్మ వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంది, ఇన్‌స్పెక్టర్ లాగా. ఆ తల్లి గుమ్మం దగ్గరే నిలబడింది. నేను బోర్డు మీద "నేను చెప్పింది తప్పు" అని రాసి, పిల్లలవైపు తిరిగి, "మీ సారు సగం చదివి మొత్తం చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఈ అమ్మాయిని ఏడిపించినవాళ్ళు నాతోపాటు తప్పు ఒప్పుకోవాలి" అన్నాను. గుమ్మం వైపు చూసి, "క్షమించండమ్మా" అన్నాను. గొంతు అనుకున్నంత గంభీరంగా రాలేదు.

అప్పుడు డౌట్ల రాణి లేచింది.

"సార్, మరి మిగతా పాఠాలన్నా కరెక్టేనా?"

ముందు నవ్వింది వాళ్ళమ్మే. కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. తర్వాత క్లాసంతా.

"నాకు తెలీదమ్మా," అన్నాను. "ఒక్కోటీ కలిసి చూసుకుందాం."

ఇప్పటికీ నేను పాఠాలే చెప్పుకుంటున్నాను. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసిపోయి, వేళ్ళకి సుద్దపొడితో, ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూస్తున్న ఆ కుర్ర మాస్టారు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. ఇన్నేళ్ళలో నేను అంత బాగా పాఠం చెప్పిన రోజు ఇంకొకటి ఎంత వెతికినా గుర్తు రావడం లేదు.