అత్తమ్మ దవడపన్ను

“మంచి పన్ను పీకిపిచ్చినవు గదనే! ఇగ జొన్నరొట్టె దేనితోని నమలాలె, నీ ఇంగ్లీషుతోనా?”

“పీకింది దొరసాని అత్తమ్మా, నేను గాదు.”

“పీకుమన్నది ఎవరు?”

మొయినాబాదుల మా తల్లిగారింటి అరుగు మీద, నన్ను కన్న మా అవ్వ ముందరనే, దవడకు గుడ్డ కట్టుకొని మా అత్తమ్మ నన్ను అట్ల నిలదీసింది. ఒక్క ఇంగ్లీషు మాట కొంపను ఎట్ల ఆగం చేస్తదో చెప్త, వినుండ్రి. నవ్వితె నాకు కోపమొస్తది.

చిన్నప్పుడు మిషన్ బడికి కొన్నాళ్లే పోయిన. బడి తోటల కలుపు తీసేటప్పుడు పంతులమ్మ “పుల్ అవుట్, పుల్ అవుట్” అనేది. అంటే వేరుతో సహా ఊడి రావాలె. బడి మానిపిచ్చినంక నాకు మిగిలిన ఇంగ్లీషు అదొక్కటే. నేర్చుకున్నది పారేసుకునే అలవాటు నాకు లేదు. పెండ్లయి చేవెళ్లకు పోతూ ఇత్తడి బిందెతోపాటు దాన్నీ పట్టుకపోయిన.

అత్తమ్మకు ఎడమ దవడపన్ను సలుపు పట్టింది. మొయినాబాదుల పళ్లు పీకే తెల్ల దొరసాని గుడారం వేసిందంటే బండి కట్టిచ్చుకొని వచ్చినం. దొరసానికి తెలుగు రాదు. తెలుగు వచ్చిన నర్సు ఆ రోజు లేదు.

“మా కోడలు చదువుకున్నది, ఆమె చెప్తది,” అని నలుగురు వినేటట్టు అని, అత్తమ్మ కుర్చీల కూసున్నది. నేను బూరెలెక్క పొంగిన.

“పుల్ అవుట్,” అన్న.

ఏ పన్ను అని దొరసాని సైగ చేసింది. కోడలు అత్త మొఖం మీదికి వేలు చూపుతదా? మా ఇండ్లల్ల అసొంటి రివాజు లేదు. ఎదురుంగ నిలబడి, అద్దంల చూసినట్టు, నా దవడ మీదనే వేలు పెట్టిన. అత్తమ్మ ఎడమకు ఎదురుగ ఉన్నది నా కుడి దవడ. దొరసాని అది చూసి అత్తమ్మ కుడిపన్నే పట్టుకున్నది.

“ఆఁ! ఆఁ!” అని అత్తమ్మ చేతులు కొట్టుకున్నది. భయపడుతున్నదనుకొని ఆ చేతులు గట్టిగ పట్టుకున్న. దొరసాని ఆగి నా దిక్కు చూసింది.

“పుల్ అవుట్!” అని ఇంకింత గట్టిగ అన్న.

పీకుమనుడు నేర్పిన బడి ఆగుమనుడు కూడ నేర్పేదేమో. అందాక నన్ను ఉంచలేదు.

పొద్దుగూకే యాళ్లకు మా అవ్వ సాక్షిగ ఒట్టు పెట్టుకున్న: కలుపు మీద తప్ప ఆ మాట ఇంకెవరి మీదా వాడనని.

తెల్లారి అత్తమ్మ నన్ను ఎడ్లకాడ నిలబెట్టి ఒక్కతే గుడారంల కూసున్నది. నోరు తెరిచి, ఎడమపన్ను మీద తన వేలు తనే పెట్టుకొని, “పుల్ అవుట్,” అన్నది. నాకంటే సాఫుగ.